ఏకగ్రీవంగా తీర్మానించడమైనది

నల్గొండ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్ళో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ముందు వేపచెట్టు. హెడ్మాస్టరు కుర్చీ వెనక ఇనుప బీరువా ఉంటుంది. అందులో రెండో అరలో, అడ్మిషన్ రిజిస్టరుకూ మధ్యాహ్న భోజనం రిజిస్టరుకూ మధ్య నన్ను నిలువుగా ఇరికించారు. నేను పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానాల పుస్తకాన్ని. గట్టి అట్ట, ఎర్రగుడ్డ వెన్ను, మూలలు కొంచెం నలిగాయి.

పక్కవాళ్ళతో పోలిస్తే నాది తీరిక బతుకు. భోజనం రిజిస్టరు రోజూ బయటికి పోవాల్సిందే. ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గుడ్లు అని అడిగేవాళ్ళు పైన ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టరుకు మర్యాద ఎక్కువ. పుట్టిన తేదీ కాగితం కోసం తల నెరిసినవాళ్ళు కూడా దాన్ని వెతుక్కుంటూ వస్తారు. నన్నెవరూ వెతుక్కుంటూ రారు. తనిఖీ ఉందని ఫోనొస్తే మాత్రం దుమ్ము దులుపుతారు.

అలాగని నేను ఆషామాషీ పుస్తకాన్ని కాను. నా వెనక పార్లమెంటు చేసిన చట్టం ఉంది. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, దాని 21వ సెక్షను. కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు కావాలి. బడి పనితీరు చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం, వచ్చిన గ్రాంటు ఎటు పోయిందో కనిపెట్టడం వాళ్ళ పని. మా దగ్గర తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. అంతకుముందూ కమిటీలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో చేసిన చట్టం కింద విద్యా కమిటీలు నడిచాయి. ఆ కాలపు పుస్తకం అటక మీద ఉండేదట, చెదలు తినేశాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకు ఈ సెక్షను వర్తించదు. అంటే వేలకు వేలు ఫీజు కట్టే తల్లిదండ్రులకు చట్టం ఇవ్వని కుర్చీని, పైసా కట్టని తల్లిదండ్రులకు ఇచ్చింది. ఆ సంగతి మా ఊళ్ళో ఏ తల్లికీ ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టమని మాత్రం చెప్పారు.

నా మొదటి సగం పేజీలన్నీ ఒక్క మూసలో ఉంటాయి. ఫలానా తేదీన ఉదయం 11 గంటలకు పాఠశాల ఆవరణలో చైర్మన్ గారి అధ్యక్షతన సమావేశం జరిగినది. హాజరైన సభ్యులు ఈ క్రింద సంతకములు చేసినారు. పాఠశాలకు సున్నము వేయించుటకు, చాపలు కొనుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. చేతిరాత ఒక్కరిదే, సిరా ఒక్కటే. మూణ్ణెల్ల సమావేశాలు ఒకే మధ్యాహ్నం జరిగిపోయిన రోజులూ ఉన్నాయి.

పదకొండు గంటలకు మా ఊళ్ళో ఎవరుంటారు? మగవాళ్ళు మిర్యాలగూడ అడ్డా మీదో, ఆటో మీదో. ఆడవాళ్ళు చేన్లో. అందుకని ఐదో తరగతి పిల్లాడొకడు నన్ను చంకన పెట్టుకుని, మీద స్టాంపు ప్యాడు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. నిజం చెప్పాలంటే ఆ తిరుగుడు నాకు నచ్చేది. బీరువాలో ఉండి ఏ పుస్తకమూ చూడని ఊరు నేను చూశాను. బోరింగు దగ్గర, రేషన్ షాపు వరసలో, బర్రెల కొట్టం ముందు నన్ను తెరిచారు. ఒకామె గిన్నెలు తోముతోంది. కుర్రాడు పేజీ తెరిచి ముందు పెట్టాడు.

"ఏందిరా ఇది?"

"సారు పెట్టమన్నడు."

"ఏడ పెట్టాలె?"

"గిక్కడ."

చేతికున్న బూడిద కొంగుకు తుడుచుకుని ప్యాడు మీద వేలొత్తి, కాగితం మీద ఒత్తింది. ఊదారంగు గీతల నడుమ బూడిద రేణువులు ఇప్పటికీ అలాగే అంటుకుని ఉన్నాయి. పైన ఏం రాసుందో ఆమె అడగలేదు. కుర్రాడు చదవనూ లేదు. ఆ పేజీ ప్రకారం ఆవిడ ఆ రోజు సమావేశంలో చురుగ్గా పాల్గొన్నారు.

మా ఊరి సంవత్సరంలో అసలు పరీక్ష ఆశ్వయుజంలో మొదలవుతుంది. వానలు వెనక్కి తగ్గుతాయి, పొద్దున్నే మంచు పడుతుంది, పత్తికాయ పగులుతుంది. దసరా సెలవులకు ముందే మొదటి ఏరుడు మొదలై, కార్తీకం దాటినా సాగుతుంది. హాజరు పట్టీ నాకు పై అరలోనే ఉంటుంది కాబట్టి నాకు తెలుసు. జూలైలో నీలం సిరాతో నిండుగా ఉండే వరసల్లో అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఎర్రసిరా పెరుగుతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లల పేర్లకు ఎదురుగా మరీ ఎక్కువ. కొందరు అమ్మ వెంట చేనుకు పోతారు. కొందరు ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకుని కూర్చుంటారు. బడి మూసేసేంత పెద్ద గొడవ కాదు గనక దీని మీద నాలో అప్పటిదాకా ఒక్క తీర్మానమూ లేదు.

తర్వాత కొత్త హెడ్మిస్ట్రెసు బదిలీ మీద వచ్చారు. తొలి వారంలోనే నన్ను తీసి మొదటి పేజీ నుంచి చదివారు. అలా చదివిన మొదటి మనిషి ఆవిడే. ఏమీ అనలేదు. ఆ నెల సమావేశం పెట్టనూ లేదు. దసరా సెలవులిచ్చే ముందు రోజు బడిలో బతుకమ్మ ఆడదామని, సాయంత్రం నాలుగింటికి తల్లులందరూ రావాలని పిల్లలతో చెప్పి పంపారు. బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగ చేశారు గానీ, ఆ పిలుపుకు జీవో అక్కర్లేదు. మీటింగంటే నలుగురు రాని చోట, బతుకమ్మంటే చేన్లోంచి గంట ముందే దిగొచ్చారు.

పిల్లలు ముందు రోజే గట్ల వెంట తిరిగి గునుగు, తంగేడు కోసుకొచ్చారు. గునుగు పూలకు రంగులద్దడం నేర్పింది పిల్లల అమ్మమ్మలే. ఆ రోజు టీచర్లు వాళ్ళ ముందు శిష్యులైపోయారు. వేపచెట్టు కింద ఆటా పాటా అయ్యాక, బతుకమ్మల్ని చెరువుకు తీసుకుపోయే ముందు, వరండాలో పట్టా పరిచి అందర్నీ కూచోబెట్టారు. అప్పుడు నన్ను బయటికి తెచ్చారు. మేడమ్ నిలబడి గట్టిగా చదివారు. ఫలానా రోజున మీరందరూ కూర్చుని, బడికి సున్నం వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించినారు అని.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె ఫక్కున నవ్వింది. "మేమెప్పుడొచ్చినం మేడమ్?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఇంకో గొంతు వెనక నుంచి లేచింది. "సున్నం ఏ గోడకేసిండ్రో జర సూపియ్యిండ్రి."

నాకు తెలిసి మా బడిలో తల్లిదండ్రుల భాగస్వామ్యం మొదలైంది ఆ ప్రశ్నతోనే. అధికారులు వాడే ఆ పెద్దమాట నా పేజీల్లో చాలాసార్లు ఉంది. కానీ గోడ చూపించమని అడిగిన మనిషి అంతకుముందు లేదు.

అడగడం మొదలయ్యాక ఆగదు. నాలుగో తరగతి పిల్లాడి తల్లి లేచింది. "మావోణ్ణి రోజూ బడికి తోలుతున్న. బస్సు మీద ఊరు పేరు సదువురా అంటె నోరు మెదపడు. ఏం జెయ్యాలె?"

మేడమ్ సమర్థించుకోలేదు. రెండో తరగతి తెలుగు వాచకం తెప్పించి, పై తరగతుల పిల్లల్ని ఒక్కొక్కర్నీ తల్లుల ముందే చదవమన్నారు. కొందరు గడగడా చదివారు. కొందరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. కొందరు పుస్తకం వంక చూస్తూ నిలబడిపోయారు. మా ఒక్క బడి జబ్బే కాదిది, అసర్ సర్వే 2022లో దేశమంతటా పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్ని పరీక్షిస్తే రెండో తరగతి పాఠం చదవగలిగింది 42.8 శాతమేనని ఆవిడ చెప్పారు. దేశం లెక్కతో ఆ తల్లికేం పని? తన కొడుకు లెక్క ఆమెకు తెలిసింది.

చదవలేకపోయిన పిల్లల పేర్లు మేడమ్ హాజరు పట్టీలో చూపించారు. చాలామటుకు ఎర్రసిరా వరసలే. అక్కణ్ణుంచి మాట పత్తి మీదికి పోయింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని, 2016లో సవరించిన చట్టం ప్రకారం బడి వేళలయ్యాకో సెలవుల్లోనో సొంత ఇంటి పనికి సాయపడడానికి మినహాయింపుందని ఆవిడ చెప్పారు.

"సొంత చేనేడిది మేడమ్, కూలికి పోతం గని. కిలోకింత అని లెక్కగట్టి ఇస్తరు. బిడ్డ తోడుంటే సంచి జల్ది నిండుతది."

దానికి చట్టం దగ్గర జవాబు లేదు. మేడమ్ దగ్గరా లేదు. ఆ మాట ఆవిడ ఒప్పుకున్నారు. రోజు కూలి అయితే పిల్ల వచ్చినా రాకపోయినా అంతే. కిలో లెక్కన ఇచ్చే చోట చిన్న చేతులకూ ధర పలుకుతుంది. అధికారుల ఉపన్యాసాలు ఈ లెక్క దగ్గరికి ఎన్నడూ రావు.

తెగింది చిన్న ముడే. చంటిపిల్లను చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతున్న ఐదో తరగతి పిల్ల ఒకతి ఉంది. తమ్ముణ్ణి ఎత్తుకునే బడికి రమ్మన్నారు. అంగన్‌వాడీ ఆ ఆవరణలోనే ఉంది. అక్కడి టీచరు కూడా పట్టా మీదే కూచుని ఉంది కాబట్టి అప్పటికప్పుడే ఒప్పుకుంది. దాన్ని రాసింది చైర్మన్ భార్య. ఆమె పదో తరగతి దాకా చదివింది, ఇన్నాళ్ళూ ఎవరూ పెన్ను ఇవ్వలేదు. "తమ్ముణ్ణి తీసుకొచ్చినా సరే, బడికి రావాలె" అని రాసింది. చేయునట్లు, చేసినట్లు వంటి మాటలేవీ లేవు. నా పేజీలన్నిటిలో అందరికీ అర్థమయ్యే తీర్మానం అదే. కింద వేలిముద్రలు వేసే ముందు రెండుసార్లు చదివించుకున్నారు.

మగవాళ్ళ సంగతి అడక్కండి. ఆ రోజు కొందరు గోడవతల బండ్లు ఆపుకుని చూశారు. ఆడోళ్ళ పండుగ గదా అని లోపలికి రాలేదు. మీటింగు రోజు రమ్మంటే ఆడోళ్ళు పోయిండ్రు గదా అన్నారు.

ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయంటే అబద్ధం. తమ్ముణ్ణెత్తుకున్న పిల్ల కార్తీకమంతా వచ్చింది. చేనుకు పోయేవాళ్ళలో సగం మంది దసరా సెలవులయ్యాక కూడా రాలేదు. సున్నం సంగతి గోడ చూస్తేనే తెలుస్తుంది. సమావేశాలు మాత్రం సాయంత్రానికి మారాయి. 2024లో సర్కారు మహిళా సంఘాల చేతికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మరమ్మతుల పని అప్పగించింది. నాకు పక్కన కొత్త రిజిస్టరొకటి వచ్చి చేరింది. నల్లాలొచ్చాయి, మరుగుదొడ్లకు తలుపులొచ్చాయి. మంచిదే. నల్లా బాగుచెయ్యడానికి కమిటీ చాలు. పిల్లాడికి చదువొచ్చిందో లేదో తేల్చడానికి మాత్రం వాణ్ణి తల్లి ముందు నిలబెట్టి చదివించాలి.

నా కింద పరిచిన పాత దినపత్రికలో పక్క రాష్ట్రం కబురొకటి ఉంది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బళ్ళన్నిటా ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశం జరిపారట. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, పిల్లలతో కలిసి సహపంక్తి భోజనం. తండ్రుల్ని గేటు లోపలికి తేవడానికి తాడు మంచి ఉపాయమే, మా వాళ్ళకూ చెప్పాలి. ఫొటోలు దిగాక పిల్లాడి చేత ఒక పేజీ చదివించారా లేదా అన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది. ఆ ముక్క చినిగిపోయింది.

నాలో ఇంకా కొన్ని ఖాళీ పేజీలున్నాయి. మీ ఊరి సర్కారు బడిలోనూ నాలాంటి పుస్తకం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని ఏ పిల్లాడైనా మీ గడప తొక్కితే, సంతకానికి ముందు పైన రాసింది చదివి వినిపించమనండి. ఐదో తరగతి వాడు చదవగలగాలి. చదవలేకపోతే ఆ సంగతే కింద రాసి, దానికి సంతకం పెట్టండి.