అనామతు ఖాతా

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా అకౌంట్స్ చెబుతున్నాను. చిట్టా, ఆవర్జా, అంకణా నా నాలిక మీద నాట్యం చేస్తాయి. నా జేబులో మాత్రం 20వ తారీఖు దాటాక ఏదీ ఆడదు. ఈ రెండో సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఆవిడ బ్రాడీపేటలో మా ఇంటి ముందుగదిలోనే కర్రీ పాయింట్ పెట్టింది. "లెక్కలు నాకొదిలెయ్" అన్నాను. వద్దనడానికి ఆవిడ దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి గానీ, అప్పుడే పొయ్యి మీద సాంబారు పొంగింది. ఆ హడావుడిలో ఒప్పేసుకుంది.

మర్నాడే జంటపద్దు విధానం మొదలెట్టాను. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచోలీ వివరించిన పద్ధతి ఇది అని ఉపోద్ఘాతం కూడా ఇచ్చాను.

"ఆయనకి పిల్లలెంతమంది?" అంది వంకాయలు తరుగుతూ.

"పిల్లలేమిటి, ఆయన సన్యాసి!"

"అదీ సంగతి" అని తరగడంలో పడిపోయింది.

ఆవిడ పద్ధతి వేరు. గోడ క్యాలెండరు గళ్ళలో నూనె, గ్యాస్, కూరగాయలు రాసుకుంటుంది. అలమరలో రెండు పాత హార్లిక్స్ సీసాలు. ఒకదాంట్లో రేపటి సరుకుల డబ్బు, రెండోదాంట్లో ఇంటిఖర్చు. ఇంట్లో ఏం ముంచుకొచ్చినా సరుకుల సీసా మూత లేవదు. వ్యాపారం వేరు, యజమాని వేరు అనే ఈ ముక్కని మేం 'వ్యాపార అస్తిత్వ భావన' అంటాం. నేను దీన్ని గంటసేపు చెబుతాను. ఆవిడ రెండు సీసాలతో తేల్చేసింది.

కొనేవాళ్ళలో ఎక్కువమంది హాస్టలు కుర్రాళ్ళు, వాళ్ళలో సగం నా శిష్యులు. మొదటివారం చికెన్ ఫ్రై, రెండోవారం కోడిగుడ్డు పులుసు, మూడోవారం పప్పు, నెలాఖరుకి "ఆంటీ, సాంబారు ఇంకాస్త పొయ్యరా?" వాళ్ళకి ఇంటినుంచి డబ్బు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు అయిపోతుందో కనిపెట్టి ఆవిడ దాన్నిబట్టే వండేది. ఒక నెల 28న నా సలహా మీద నాలుగు కిలోల చికెన్ తెచ్చాం. మూడు రోజులు మేమే తిన్నాం.

అసలు ఘనకార్యం క్యూఆర్ కోడ్ దగ్గర జరిగింది. చదువుకున్నవాణ్ణి కదా, దాన్ని నా జీతం పడే ఖాతాకే తగిలించాను. ఇక పప్పు డబ్బేదో జీతమేదో దేవుడికే తెలియాలి. 5వ తారీఖున బండి వాయిదా, వెనకే క్రెడిట్ కార్డు బిల్లు వచ్చి టమాటాల డబ్బు మింగేసి పోయేవి. దానికితోడు నా టీలు, టిఫిన్లు. అంకణా కుదిరితే ఒట్టు! కుదరకపోతే, తప్పు దొరికేదాకా ఆ తేడాని అనామతు ఖాతాలో వెయ్యమంటుంది మా శాస్త్రం. వేశాను. నెలనెలా వేశాను. ఆర్నెల్లకి కర్రీ పాయింటు కన్నా అనామతు ఖాతాయే పెద్ద వ్యాపారంలా కనబడసాగింది.

ఒక సాయంత్రం పప్పు కోసం వచ్చిన ఫైనలియర్ కుర్రాడు బల్ల మీద నా పుస్తకం తిరగేసి, "సార్, ఇది అనామతు కాదు కద్సార్. మీ సొంతవాడకాలు" అన్నాడు. ఆ పాఠం వాడికి అంత బాగా చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ రాత్రి కార్డు బిల్లు బయటికొచ్చింది. "కట్టాల్సిన కనీస మొత్తం నెలనెలా ఠంచనుగా కడుతున్నాను" అన్నాను గొప్పగా.

"మరి మిగిలినదానికి వడ్డీ?"

"ఎంతో కాదు, నెలకి మూడున్నర శాతం."

"అంటే మూడున్నర రూపాయల వడ్డీయా!"

శాతం అన్నన్నాళ్ళూ అది నాకు చిన్న అంకె. రూపాయల వడ్డీ అనేసరికి చెమట పట్టింది. చక్రవడ్డీ కలపకుండానే ఏడాదికి నూటికి 42.

"మా ఊళ్ళో రెండు రూపాయలు గుంజేవాణ్ణే జలగ అనేవాళ్ళం. మీరు మూడున్నర ఇచ్చి, వాడు థ్యాంక్యూ అని మెసేజీ పెడితే మురిసిపోతున్నారా?"

మర్నాడు బ్యాంకుకి వెళ్ళి తన పేరున వేరే ఖాతా తెరిచింది. కొత్త క్యూఆర్ కోడ్, దానితో డబ్బు పడగానే అరిచే పెట్టె వచ్చాయి. కార్డు బాకీ నా టీలు, టిఫిన్లు కోసి నా చేతే తీర్పించింది. రాత్రి భోజనం ఇంటిది కాబట్టి ఉచితమే. సాయంత్రం కొట్లోంచి తెచ్చుకునే వేపుడుకి మాత్రం నేనూ స్కాన్ చెయ్యాల్సిందే. నా నలభై రూపాయలు అందాయని ఆ పెట్టె శిష్యులందరి ముందూ ప్రకటిస్తుంది.

మొన్న 27న ఫోనులో నలభై కూడా లేవు. ఆవిడ మారుమాట్లాడకుండా క్యాలెండరు గడిలో రాసుకుంది: 'మాస్టారు, దొండకాయ వేపుడు, 40, అరువు.'

చిన్నబుచ్చుకుందామనుకున్నాను గానీ, ఇంతలో పాఠం గుర్తొచ్చింది. ఆస్తి అప్పుల పట్టీలో ఋణగ్రస్తుల్ని చూపించేది ఆస్తి వైపే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ లెక్కలో నేను అటువైపు కనబడటం ఇదే మొదటిసారి.