చెక్కని పేరు: ఒక వెండి ట్రోఫీ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది విన్స్ లొంబార్డీ ట్రోఫీలలో ఒకటి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే అంతిమ పోటీ సూపర్ బౌల్. అందులో నెగ్గిన జట్టుకిచ్చే బహుమతికి 1970లో మరణించిన ప్రసిద్ధ శిక్షకుడి పేరు పెట్టారు. టిఫనీ సంస్థ వెండితో చేసే ఈ ట్రోఫీ ఎత్తు 22 అంగుళాలు, బరువు మూడు కిలోలకు పైమాటే. ఏటా కొత్తది తయారవుతుంది కనుక ఇచ్చినది గెలిచిన జట్టు దగ్గరే ఉండిపోతుంది. 1998 జనవరి 25న శాన్ డియాగోలో డెన్వర్ బ్రాంకోస్ జట్టుకు దక్కిన ఈ ట్రోఫీ మీద తలపడిన రెండు జట్ల పేర్లు, తేదీ, స్థలం, 31-24 అనే స్కోరు చెక్కారు. ఆటగాడి పేరు ఒక్కటీ చెక్కలేదు. అయినా లోకం దీన్ని జాన్ ఎల్వే ఒక్కడి ఖాతాలోనే వేస్తూ వచ్చింది. ఈ ట్రోఫీ ఆక్షేపణ అంతా అక్కడే.

ఎల్వే డెన్వర్ జట్టు క్వార్టర్‌బ్యాక్. అంటే, దాడికి దిగే పదకొండుమందిలో బంతిని ముందుగా అందుకుని, దాన్ని విసరాలో, పరుగెత్తేవాడి చేతికివ్వాలో క్షణాల్లో తేల్చుకోవలసినవాడు. ప్రత్యర్థిని అడ్డుకునే దళంలో వేరే పదకొండుమంది ఉంటారు. వారు ఆడుతున్నంతసేపూ అతడు మైదానం బయట నిలబడి చూడవలసిందే. 1987, 1988, 1990లలో మూడు సూపర్ బౌల్‌లు ఓడిన ఎల్వేకు పెద్ద ఆట నెగ్గలేడన్న పేరు పడింది, ఈ ట్రోఫీ రాగానే ఆ పేరు తుడిచిపెట్టుకుపోయింది. మరి ఆ రోజు అతడి లెక్క చూస్తే, విసిరిన 22 పాస్‌లలో 12 చేరి 123 గజాలే వచ్చాయి, ఒకటి ప్రత్యర్థి చేతిలో పడింది, బంతిని అవతలి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్ ఒక్కటీ లేదు. జట్టును గెలిపించినవాడు బంతితో పరుగెత్తే టెరెల్ డేవిస్. తీవ్రమైన తలనొప్పితో రెండో పావుభాగం ఆటకు దాదాపు పూర్తిగా దూరమై కూడా, 157 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. ఎల్వే పాత్ర లేదనడమూ అన్యాయమే: 37 ఏళ్ల వయసులో బంతితో తానే పరుగెత్తి, అడ్డొచ్చినవాళ్ల మీదుగా ఎగిరి, గాలిలో గిర్రున తిరిగి పడుతూ కూడా జట్టుకు కావలసిన గజాలు తెచ్చాడు. విలువ కట్టవలసింది ఆ పరుగుకే తప్ప ఈ వెండికి కాదు.

బహుమతుల సంఖ్యే కొలబద్ద అయితే, 2001లో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్‌గా గెలిచిన ట్రెంట్ డిల్ఫర్ ముందు మరో క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో తలవంచాలి. 16 ఆటల్లో 165 పాయింట్లే ఇచ్చిన రక్షణ దళం డిల్ఫర్‌కు అండగా ఉంది. ఆ సీజన్ ముగిశాక అతడి జట్టే అతడిని వద్దనుకుంది. మరీనో 1984 సీజన్‌లో 5,084 గజాలు, 48 టచ్‌డౌన్ పాస్‌లతో అప్పటి రికార్డులు బద్దలుకొట్టి, సూపర్ బౌల్‌లో 38-16తో ఓడి, మళ్లీ ఆ వేదిక చేరలేదు. ఏడుసార్లు గెలిచిన టామ్ బ్రేడీ సైతం 2018లో 505 గజాల పాస్‌లు విసిరిన ఆటను 41-33తో ఓడిపోయాడు. అతడి చేతులు చేయగలిగినదంతా చేసినా, ప్రత్యర్థి ఫిలడెల్ఫియాను ఆపవలసినవారు ఆపలేదు.

ఈ ట్రోఫీకి ఏడాది తరువాత పుట్టిన తోబుట్టువు కూడా డెన్వర్‌కే దక్కింది. ఆ ఆటలో ఎల్వే 336 గజాల పాస్‌లు విసిరి, ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. లెక్కలు వేసేవారికి రెండు ట్రోఫీలూ సమానమే. రెండు ఆటలూ చూసినవారికి ఎంతమాత్రం కావు. ఇక ఎల్వే అసలు గొప్పతనం ఎక్కడుందంటే, 1987 జనవరిలో క్లీవ్‌లాండ్‌లో, సూపర్ బౌల్‌కు ముందటి మెట్టు ఆటలో, అయిదున్నర నిమిషాలే మిగిలి ఉండగా, తమ చివరి గీతకు రెండు గజాల దగ్గర మొదలుపెట్టి జట్టును 98 గజాలు నడిపించి స్కోరు సమం చేయడంలో ఉంది. అదనపు సమయంలో డెన్వర్ 23-20తో నెగ్గింది, రెండు వారాలకు సూపర్ బౌల్ ఓడింది, ఆ ఏటి ట్రోఫీ న్యూయార్క్ జెయింట్స్ దగ్గరకు వెళ్లింది.