14 సీసీల పొగరు

కంప్రెషన్ రేషియో ఎంత పెరిగితే బండికి అంత బలం అన్నది చాలాకాలం నా సిద్ధాంతం. ఐరన్ బ్యారెల్ ఉన్న పాత బుల్లెట్ 350 చేతికి రాగానే దాన్ని ఆ ఇంజను మీదే ప్రయోగించాను. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. రేషియో ఏడు దరిదాపుల్లో ఉండేది. తొమ్మిది చెయ్యాలంటే పిస్టన్ పైకొచ్చాక హెడ్డులో మిగిలే ఖాళీ 57.7 సీసీ నుంచి 43.3కి తగ్గాలి. ఆ 14 సీసీల పైచిలుకు జాగాను నింపడానికి నెత్తిన పెద్ద బుడిపె ఉన్న పిస్టన్ తెప్పించాను.

"ఆ ముక్క కంపెనీవాడికి తెలీదంటారా సారూ?" అన్నాడు మేస్త్రి. ఆయనకు అరగంట పాఠం చెప్పాను. పాపం, చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నాడు.

అనంతగిరి ఘాట్‌లో మూడో గేరులో యాక్సిలరేటర్ తిప్పేసరికి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. ట్యాపెట్లు వదులయ్యాయని తేల్చేసి బిగించుకున్నాను. తగ్గలేదు. పైగా ఎత్తు రాగానే బండి నీరసపడుతోంది. స్పార్కు ఆలస్యమవుతోందనుకుని పాయింట్ల ప్లేటు జరిపి టైమింగ్ ఇంకా ముందుకు పెట్టాను. నా తెలివితక్కువ పనుల్లో దీనిదే అగ్రస్థానం.

లోపల జరిగేది ఇదీ. ఆ హెడ్డులో గది అర్ధగోళంలా ఉంటుంది, ప్లగ్గు ఒక పక్కన. అక్కడ పుట్టిన మంట అవతలి గోడ దాకా పాకాలి. దారిలో నేను పెట్టిన బుడిపె అడ్డం. మంట దాన్ని చుట్టుకుని వెళ్లేలోగా అవతలి మూల మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక ఒక్కసారిగా తనంతట తానే అంటుకుంటుంది. ఆ దెబ్బకు పుట్టే పీడన తరంగాలే నేను విన్న చప్పుడు. లోహాన్ని కాపాడే పలచటి వాయువు పొరను అవి చెరిపేస్తాయి, వేడి నేరుగా పిస్టన్‌కు ఎక్కుతుంది. స్పార్కు ముందుకు జరపడమంటే ఆ మూలను ఇంకా గట్టిగా నలిపి కాల్చడమే.

ప్లగ్గు విప్పితే పింగాణీ మీద సన్నటి చుక్కలు తళుక్కుమన్నాయి. పెట్రోలు శుభ్రంగా మండుతోందని మురిసి మేస్త్రికి చూపించాను. ఆయన ప్లగ్గును వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇది మీ పిస్టనే సారూ" అన్నాడు. కరిగి ఎగిరిన అల్యూమినియం!

హెడ్డు దించితే ప్లగ్గుకు ఎదురుగా ఉన్న పిస్టన్ అంచు చిల్లులు పడి చిరిగినట్టుంది. అయినా బుడిపెను వదులుకోబుద్ధి కాలేదు. హెడ్డు కింద ఒక మిల్లీమీటరు రాగి గాస్కెట్ అదనంగా వేయించాను. ఈ బోరుకు మిల్లీమీటరంటే 3.85 సీసీ, అంటే రేషియో 8.35కి దిగింది. ఖరీదైన పెట్రోలూ పోయించాను. ఆక్టేన్ ఎక్కువైతే మిశ్రమం తనంతట అంటుకోవడానికి మొండికేస్తుంది తప్ప బలమేమీ రాదు. చప్పుడు సన్నబడింది, పోలేదు. బుడిపె అక్కడే ఉందిగా.

సిగ్గుచేటు ఏమిటంటే, కాస్‌వర్త్ డీఎఫ్‌వీ గురించి నాకు ముందే తెలుసు. 1967లో జాండ్‌వూర్ట్‌లో దిగిన మొదటి పందెమే జిమ్ క్లార్క్ చేతిలో గెలిచిన ఇంజను అది. దాన్ని రూపొందించిన డక్‌వర్త్ వాల్వుల మధ్య కోణాన్ని 32 డిగ్రీలకు కుదించాడు. దాంతో గది లోతు తగ్గింది, దాదాపు చదునైన పిస్టన్‌తోనే పెద్ద రేషియో వచ్చింది. నెత్తిన కొండ అక్కర్లేదు. అంతకు ఎంతో ముందే, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో, సైడ్ వాల్వు ఇంజన్ల హెడ్డును ఒకవైపు పిస్టన్‌కు తాకేంత దగ్గరగా దించాడు హ్యారీ రికార్డో. ఆ ఇరుకులోంచి పక్కకు చిమ్మిన మిశ్రమం సుడి తిరిగి మంటను వేగంగా పాకిస్తుంది. ఇరుకులో మిగిలిన కాస్తా రెండు పక్కల చల్లటి లోహం మధ్య చిక్కి అంటుకోలేదు. ఇవన్నీ పదిమందికి చెప్పి, నా బండి దగ్గరికి వచ్చేసరికి అంకె ఒక్కటే చూశాను.

ఇప్పుడు కొత్త పిస్టన్, పాత రకానిదే. టైమింగ్ మేస్త్రి పెట్టినచోటే ఉంది. ఘాట్‌లో బండి నిదానంగా, నిశ్చింతగా ఎక్కుతోంది.

అయితే హెడ్డు గదిలో రెండు పక్కలా వెల్డింగుతో లోహం పోయించి, అంచు చదునుగా తీయిస్తే, చదును పిస్టన్‌కు మిల్లీమీటరు ఎడంలో ఆ ఇరుకు మనకూ దొరుకుతుంది. ఎంతవుతుందో లేత్ షాపులో కనుక్కున్నాను. మేస్త్రికి ఇంకా చెప్పలేదు.