ఒక చెయ్యి తక్కువైంది

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకూ ఆపరేషను అయింది. మోకాళ్లు రెండూ మొరాయించాయి. చెవులు అవసరాన్ని బట్టి పనిచేస్తాయి. అయినా పొద్దున మూడో ఆటలో కళావరు తొమ్మిది పడేసింది ఎవరు, ఎత్తుకున్నది ఎవరు అంటే రాత్రి మజ్జిగన్నం తింటూ కూడా చెబుతారు.

తిరుత్తణికి కాపురానికొచ్చిన ఏడాది శివరాత్రి జాగారానికి ఆవిడ చాప పరిచి, నడుమ రెండు పేకలు పెట్టి, "ఏమ్మే, రమ్మీ వస్తుందా?" అని అడిగారు. రాదంటే తిరువళ్లూరులోని మా పుట్టింటివాళ్లు పిల్లను సరిగ్గా పెంచలేదంటారేమోనని భయం. "బాగా వచ్చండి" అన్నాను. ఆ ఇంట్లో అది నా మొదటి అబద్ధం. కొంగు సవరించుకుని కూర్చున్నాను.

తెల్లారేసరికి నా వంతు చింతగింజలన్నీ ఆవిడ గిన్నెలో ఉన్నాయి. గింజ పది పైసలు. మా పుట్టింటి ఊళ్లో అమావాస్యకు వీరరాఘవస్వామి కోనేట్లో జనం బెల్లం వేస్తారు, అది కరిగినట్టే రోగమూ కరుగుతుందని. ఆ బెల్లం కూడా నా గింజలంత తొందరగా కరిగి ఉండదు.

ఆట మాత్రం ఆవిడే నేర్పారు. ముక్కలు చూడగానే పడేస్తే ఇరవై, ఒకసారి ఎత్తాక పడేస్తే నలభై, మొండికేసి చివరిదాకా కూర్చుంటే ఎనభై. "చేతిలో ఏమీ లేకుంటే ఇరవై ఇచ్చి పక్కకు జరుగు. ఎనభై ఇచ్చేదాకా కూర్చునేవాడు మగవాడు" అనేవారు. పక్కనే మామగారు ఎనభై లెక్కపెట్టుకుంటూ ఉండేవారు.

పేకాట ఇల్లని ఎవరైనా ముక్కు విరిస్తే మామగారు సుప్రీంకోర్టును బయటికి తీసేవారు. సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో వచ్చిన తీర్పు ఆయనకు దాదాపు కంఠతా. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యమే, మూడు ముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు అని న్యాయమూర్తులు తేల్చారు. ఆ నైపుణ్యం తన దగ్గరుందని వాళ్లు అనలేదన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే అది నేరమే కావచ్చని కూడా అందులో ఉంది. ఆ పేరా వచ్చేసరికి ఆయనకు దగ్గొచ్చేది.

పంపకం అనే మాటకు మా ఊళ్లో రెండర్థాలు. ఒకటి ముక్కలు పంచడం. రెండోది 1960 ఏప్రిల్ 1. సరిహద్దు తగవు తీర్చిన పటాస్కర్ గారి సిఫారసు మీద చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల ఊళ్లు కొన్ని ఆంధ్రకు వచ్చాయి. ఒక ముక్క ఎత్తుకుని ఒక ముక్క పడేశారన్నమాట. అత్తగారికి అప్పుడు పదమూడేళ్లు. ఈ రోజునుంచి మనం మద్రాసు వాళ్లమని నాన్న చెబితే ఏప్రిల్ ఫూల్ అనుకుని నవ్వారట. ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పేక దగ్గర రెండూ. ఇస్పేటు రాణి మాత్రం రెంటిలోనూ మంచిది కాదు.

నా ఉద్యోగం తిరువళ్లూరులో. తిరుత్తణి నుంచి లోకల్లో సుమారు గంట. నేనెక్కేది లేడీస్ పెట్టె. పక్క పెట్టెలో సీజన్ టికెట్ల బృందం ఒకటి ఉండేది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ల మీద తువ్వాలు పరుచుకుని, అరక్కోణం దాటకముందే ముక్కలు పంచేవాళ్లు. పందెం: దిగాక టీ, వడ. ఒకరోజు మా పెట్టె కిక్కిరిసి అందులో ఎక్కాను. నిలబడ్డచోటి నుంచి ఒకాయన ముక్కలు కనిపిస్తున్నాయి. ఆటీను ఏడు, ఎనిమిది చేతిలో ఉంచుకుని తొమ్మిదిని పడేయబోతున్నాడు. "అయ్యయ్యో, అది పడేయకండి సార్" అనేశాను. ఎవరో గొలుసు లాగినంత నిశ్శబ్దమైంది. ఆట చెడగొట్టానని మూడు జతల కళ్లు మండాయి. నాలుగో జత మాత్రం తొమ్మిదిని వెనక్కి తీసుకుంది. నెల తిరక్కుండానే వాళ్లలో ఒకాయనకు బదిలీ అయింది. "మేడమ్, ఒక చెయ్యి తక్కువైంది" అని పిలిచారు. నా కాలేజీ పట్టా చూసి కూడా నన్నెవరూ అంత మర్యాదగా పిలవలేదు.

ఆ దారిలో తిరువాలంగాడు వస్తుంది. శివుడి ఐదు నాట్యసభల్లో రత్నసభ అదే. కాళికీ శివుడికీ నాట్యంలో పోటీ. ఆయన ఏ అడుగు వేస్తే ఆవిడా అదే వేసింది. చివరికి చెవి కుండలం జారి పడితే స్వామి దాన్ని కాలివేళ్లతో తీసి, కాలు నిటారుగా పైకెత్తి చెవికి పెట్టుకున్నాడు. అందరి ముందూ ఆడది అలా కాలెత్తడమా అని కాళి ఆగిపోయింది. ఓడిపోయావన్నారు. నాట్యం రాక కాదు, సిగ్గుపడి. రమ్మీ భాషలో చెప్పాలంటే షో చెప్పగల ముక్కలు పట్టుకుని డ్రాప్ అయింది. రైలు ఆ స్టేషన్లో ఆగిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

ఇక పోకర్ సంగతి. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు ఫోన్లో ఉత్తుత్తి చిప్స్‌తో నేర్పాడు. చేతికి రెండే ముక్కలు, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ఐదు. ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్లదే కుండ. రెండు ఆసులు రావడం 221 సార్లకు ఒకసారి అని లెక్క కూడా చెప్పాడు. పక్కన కూర్చుని వింటున్న మా అత్తగారితో, "ఇందులో ఆడవాళ్లు కూడా ఉన్నారు అమ్మమ్మా. 2018లో నికితా లూథర్ అనే ఆవిడ లాస్ వేగాస్‌లో ప్రపంచ పోకర్ సిరీస్ బ్రేస్‌లెట్ గెలిచింది. మన దేశం నుంచి మొదటి మహిళ" అన్నాడు.

"బ్రేస్‌లెట్ అంటే?"

"చేతికి పెట్టుకునేది."

"అంత దూరం పోయి తెచ్చింది ఒక గాజా? ఎన్ని సవర్లు?"

వాడు డబ్బు పెట్టి కూడా ఆడేవాడని తర్వాత తెలిసింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. వాడి మొహం వారం రోజులు వాడిపోయింది, వాడి అమ్మ మొహం మూడు నెలలు వెలిగింది. ఆ చలికాలం నన్ను గోవా తీసుకెళ్లాడు. అక్కడ చట్టం ప్రకారమే మాండవి నదిలో కాసినో ఓడలున్నాయి. "అత్తా, నీ మొహం పోకర్ కోసమే పుట్టింది. ఏ భావమూ బయటపడదు" అన్నాడు. నిజమే మరి. ఆడపడుచు మా వంటను మెచ్చుకున్నప్పుడు, తోడికోడలు నా చీరను మెచ్చుకున్నప్పుడు, పాతికేళ్లు ఏ కండరమూ కదలకుండా కూర్చున్న మొహం ఇది. చీటీ ఎత్తిన డబ్బులో కొంత తీసి, కొంగులో కాకుండా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుని బయల్దేరాను.

మొదట క్యాష్ గేమ్‌లో కూర్చోబెట్టాడు. అది కోనేటి గట్టులాంటిది. ఎప్పుడైనా దిగొచ్చు, ఎప్పుడైనా లేవొచ్చు, చిప్ విలువ నిజంగా డబ్బే. బల్ల చుట్టూ తొమ్మిది మందిమి, చీరలో నేనొక్కదాన్నే. ఎడమవైపు సఫారీ సూట్ పెద్దాయన. ఎదురుగా నల్లకళ్లద్దాల కుర్రాళ్లు ఇద్దరు. రెండో ఆటలోనే కొంప మునిగింది. కుడిపక్కన ఒకాయన ముక్కలు బల్ల మధ్యకు విసిరాడు. పాతికేళ్ల అలవాటు, నా చెయ్యి దానంతట అదే వెళ్లి పై ముక్క ఎత్తుకుంది.

"మేడమ్!" అన్నాడు డీలరు.

బల్లంతా నా చేతిని చూసింది. రమ్మీలో ముందువాడు పడేసిన ముక్క నాకు పుట్టుకతో వచ్చిన హక్కు. పోకర్లో అది దొంగతనంతో సమానం. అత్తగారి వంటింట్లోంచి గరిట పట్టుకుపోతూ దొరికిపోయినట్టయింది. ముక్కను ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే పెట్టి, "మా ఊళ్లో అలాగే ఆడతాం" అన్నాను. ఏ ఊరని అడిగారు. తమిళనాడు, తిరువళ్లూరు దగ్గర అన్నాను.

ఆ మాటతో నాకు వరమిచ్చాడు దేవుడు. ఎదురు కుర్రాళ్లిద్దరూ తెలుగువాళ్లు. తమిళావిడ కదాని నా ముందే ధారాళంగా మాట్లాడుకోవడం మొదలెట్టారు. "ఆంటీ పెంచిందంటే ఆసులే రా, పారిపో." "గుళ్లో ప్రదక్షిణలు చేసే మొహం, అబద్ధం ఆడదు." ఆట నడుస్తుండగా అలా మాట్లాడకూడదని డీలరు రెండుసార్లు వారించాడు. నేను మాత్రం వారించలేదు. 1960 పంపకం వల్ల మా ఇంటికి దక్కిన లాభం ఇదొక్కటే, మధ్యలో ఆపుతానా? ఎనిమిది, మూడు పట్టుకుని పెంచాను. ఇద్దరూ పారిపోయారు. ఇంకోసారి పెంచాను. మళ్లీ పారిపోయారు. ఆ రాత్రి పెట్టినదానికి కాస్త ఎక్కువే ఇంటికి, అదే, హోటలు గదికి తెచ్చుకున్నాను. మేనల్లుడు మాత్రం మంచూరియాకు నా దగ్గరే డబ్బు తీసుకున్నాడు.

మర్నాడు టోర్నమెంటు. ఇది కోనేరు కాదు, కొండ. అందరికీ ఒకే రకంగా 20,000 చిప్స్ ఇస్తారు, అవి అయిపోతే ఇంటికే. మా సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు, ఏడాదిలో రోజుకొకటి. డిసెంబరు 31 రాత్రి భక్తులు మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించి పాడుకుంటూ ఎక్కుతారు. టోర్నమెంటూ అంతే. ముక్కలు బాగున్నా లేకపోయినా వంతు వచ్చినప్పుడల్లా బ్లైండ్ అనే కర్పూరం కట్టాలి, ఇరవై నిమిషాలకోసారి దాని రేటు పెరుగుతుంది. ఊరికే కూర్చున్నవాడు కూర్చున్నచోటే కరిగిపోతాడు.

అత్తగారి మంత్రం పట్టుకుని మూడు గంటలు నెట్టుకొచ్చాను. వచ్చిన ముక్కల్లో ముప్పాతిక పడేశాను. అప్పుడు వచ్చారు ఇద్దరు రాణులు, ఇస్పేటు, ఆటీను. పెంచాను. ఇక్కడా పక్కనే తగిలిన ఆ సఫారీ సూట్ పెద్దాయన తన చిప్స్ అన్నీ ముందుకు తోసి, నా వైపు తిరిగి, మనవరాలితో మాట్లాడినట్టు, "వదిలెయ్ బేటీ, ఎందుకు నీకు" అన్నాడు. తలనెరిసినాయన, అంత ప్రేమగా చెబుతున్నాడు, కాదంటే ఏం బాగుంటుంది? వదిలేశాను. ఆయన నవ్వుతూ ముక్కలు తిప్పి చూపించాడు. జాకీ, తొమ్మిది.

పోకర్లో ఇలాంటి దెబ్బ తిన్నాక వచ్చే మంటను టిల్ట్ అంటారు. మా ఊరు దీనికి సరైన చోటు. సూరపద్ముడితో యుద్ధమయ్యాక స్వామి కోపం చల్లారిన కొండ కాబట్టే తణిగై అని పేరు. కానీ నేను తిరుత్తణిలో లేను, నీళ్లమీదున్నాను. కాళి చేసిన తప్పే చేశానని తెలిసిపోయింది. తర్వాతి ఆటలో ఏది వస్తే దానితో కాలెత్తుతానని శపథం పట్టాను.

ఏడు, రెండు వచ్చాయి. రంగులు కూడా వేరు. పోకర్లో ఇంతకంటే దరిద్రపు జత లేదని ఫోన్లోనే నేర్చుకున్నాను. పెంచాను. అందరూ తప్పుకున్నారు, ఈ బల్లకూ వచ్చిన నల్లకళ్లద్దాల కుర్రాళ్లలో ఒకడు తప్ప. బల్ల మీద ఆసు, రాజు, తొమ్మిది పడ్డాయి. పందెం వేశాను. నాలుగు పడింది. మళ్లీ వేశాను. చివరికి జాకీ. నా దగ్గర రెండు ఆసులున్నాయని లోకమంతా నమ్మాల్సిన బల్ల అది. కొంగు సవరించుకుని, మిగిలిన చిప్స్ మొత్తం రెండు చేతులా ముందుకు తోశాను. మొహం చూసుకోవడానికి అద్దం లేదు గానీ, ఆడపడుచు సాంబారు మెచ్చుకున్ననాటి మొహమే పెట్టానని ప్రమాణం చేసి చెప్పగలను.

వాడు కళ్లద్దాలు తీశాడు. నా ముక్కల వంక కాదు, నా వంక చూశాడు. నిమిషం పైనే చూశాడు. "కాల్" అన్నాడు. వాడి దగ్గరున్నది ఆరుల జత. ఆ బల్ల మీద ఆరుల జతతో కాల్ అన్నవాడికి పిచ్చయినా ఉండాలి, అంజనమైనా ఉండాలి.

లేచి నిలబడి అచ్చ తెలుగులో అడిగాను: "ఎట్లా కనిపెట్టినావు నాయనా?"

వాడి మొహం పాలిపోయింది. రెండు రోజుల్నుంచి నా గురించి ఏమేమన్నాడో మొదటినుంచి గుర్తుచేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "సారీ ఆంటీ, సారీ" అంటూ టీ తాగే నెపంతో వెళ్లినవాడు నేను ఓడ దిగేదాకా కనబడలేదు. జవాబు మాత్రం దొరకలేదు.

తిరుత్తణి చేరేసరికి సాయంత్రమైంది. అత్తగారు అప్పటికే చాప పరిచి ఉన్నారు. "ఎంత పోయింది?"

"ఎక్కడ పోయింది అత్తయ్యా, పెట్టిందీ వచ్చిందీ సరికి సరి."

ఆవిడ పేక కలపడం ఆపారు. "మొదట కొంగు వదులు."

చూసుకున్నాను. కుడిచెయ్యి భుజం మీద కొంగు అంచును పట్టుకుని ఉంది.

"అబద్ధం చెప్పినప్పుడల్లా నీ చెయ్యి అక్కడికే పోతుంది. శివరాత్రి నాడు రమ్మీ వచ్చన్నప్పుడు కూడా అంతే. జోకరు లేనప్పుడు సవరిస్తావు, ఉన్నప్పుడు ఊరికే ఉంటావు."

నోట మాట రాలేదు. పాతికేళ్ల చింతగింజలు కళ్లముందు వరసగా దొర్లాయి. "మరి ఇన్నాళ్లూ ఒక్కమాట చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే నాకేం లాభం?" అని పేక నా ముందు పెట్టారు. "కొయ్యి."