స్క్రిప్టు బాబాయి

టెక్సస్‌లోని కాపెల్‌లో డెంటన్ ట్యాప్ రోడ్డు మీంచి ఏ వీధిలోకి తిరిగినా మనవాళ్లలో ఒక స్క్రిప్టు బాబాయి తగులుతాడు. పిల్లల స్కూళ్ల కోసం ఇక్కడ ఇల్లు కొని, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక కూడా కదలని రకం. మేనేజరై ఏళ్లు గడిచినా, రోజంతా మీటింగుల్లోనే తెల్లారినా, ల్యాప్‌టాప్‌లో ఒక మూల నల్లటి టెర్మినల్ మాత్రం తెరిచే ఉంటుంది. మౌసు ముట్టుకోవడం ఆయన లెక్కలో చేతకానితనం. ఎక్సెల్ పేరెత్తితే మొహం కందగడ్డ.

ఈయన గొప్పతనం చూడాలంటే ఉగాది ముందు శనివారం వెళ్లాలి. ఆండ్రూ బ్రౌన్ పార్కులో పాట్‌లక్. జాబితా పిన్ని నోట్‌ప్యాడ్‌లో రాసిపెట్టింది: ఇంటిపేరు, ఎంతమంది, తెచ్చే వంటకం, ఫోను నంబరు, తర్వాత ఒక ఖాళీ లైను, మళ్లీ ఇంకో ఇల్లు. ఇలా నలభై ఇళ్లు.

"ఏవండీ, ఇంటికో చీటీ చొప్పున ప్రింటు తీసిపెట్టరూ?"

కాపీ, పేస్టు కొట్టుకుంటూ పోతే అరగంట పని. బాబాయి "రెండు నిమిషాలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే శనివారం మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొదట స్ప్లిట్ కమాండు. ఎన్ని లైన్లో చెప్పకపోతే అది వెయ్యేసి కోస్తుంది కాబట్టి, మైనస్ ఎల్ ఐదు అన్నాడు. ఎక్స్‌ఏఏ, ఎక్స్‌ఏబీ అంటూ ఫైళ్లు టపటపా పడ్డాయి. ఐదిళ్లు బ్రహ్మాండం. ఆరో ఇంటావిడ ఉత్సాహం కొద్దీ పులిహోర, గారెలు, బొబ్బట్లు అని మూడు లైన్లు రాసింది. అక్కణ్ణించి ప్రతి ఇంటి ఫోను నంబరూ పక్కింటి చీటీ నెత్తికెక్కింది.

"స్ప్లిట్‌కి లెక్కే గాని సంసారం తెలీదురా," అన్నాడు నాతో, తప్పంతా ఆ కమాండుదే అన్నట్టు. "దీనికి ఆక్ ఉండాలి."

ఆక్ పేరెత్తాక పురాణం తప్పదు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరట. అందులో ఆర్ఎస్ అనే దానికి ఏమీ లేని కోట్స్ ఇస్తే చాలు, ఖాళీ లైను కనబడేదాకా ఉన్నదంతా ఒకే రికార్డు. ఇంటావిడ మూడు వంటలు రాసినా ముప్పై రాసినా చెక్కుచెదరదు. ఎన్‌ఆర్ అంటే ఎన్నో రికార్డో ఆ నంబరు, దాన్ని ఫైలు పేరులో అతికించేయడమే. ఇది మాత్రం నిజంగా ముచ్చటైన పనితనమే, కాదనలేం.

ఎంటర్ కొట్టాడు. ఒక్క ఫైలు వచ్చింది. అందులో నలభై ఇళ్లూ ఉన్నాయి.

మామూలు మనిషైతే ఇక్కడ కాపీ, పేస్టుకి దిగిపోతాడు. బాబాయి మొహం వెలిగిపోయింది. ఓడీ మైనస్ సీ కొట్టి, తెర మీద బారులు తీరిన అక్షరాల్లో వేలు పెట్టి చూపించాడు. విండోస్ నోట్‌ప్యాడ్ ప్రతి లైను చివరా కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ ఒకటి తగిలించింది. ఖాళీ లైన్లో కూడా అది నక్కి ఉంది.

"దొరికాడు దొంగ! ఇదిగో, ఇలా రా!"

పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఖాళీగానే ఉందిగా?"

"కనబడ్డానికి ఖాళీ. ఆక్‌కి కాదు."

"ఇంతకీ చీటీలేవి?"

టీఆర్ మైనస్ డీతో ఆ అక్షరాన్ని ఏరిపారేశాక నలభై ఫైళ్లూ ముత్యాల్లా రాలాయి. అప్పటికి ఓల్డ్ టౌన్‌లో ఫార్మర్స్ మార్కెట్ కట్టేశారు, పిన్ని చెప్పిన కొత్తిమీర రాలేదు. ఈలోగా వాట్సాప్ గ్రూపులో జాబితా పెరిగింది. ఒకాయన దాన్ని కాపీ చేసి, ఖాళీ వదలకుండా చివరింటి కిందే తన వివరాలు రాసి, మళ్లీ గ్రూపులో పెట్టాడు. కొత్త జాబితాతో స్క్రిప్టు నడిపితే ఆ రెండిళ్లూ ఒకే చీటీలో కాపురం పెట్టాయి: రెండు ఇంటిపేర్లు, పదకొండు మంది, రెండు గిన్నెల పులిహోర.

"స్క్రిప్టు కరెక్టే. డేటా తప్పు," అన్నాడు బాబాయి. ఇరవయ్యేళ్ల ఉద్యోగం ఆ రెండు ముక్కల మీదే నెట్టుకొచ్చాడని నా అనుమానం.

వెంటనే గ్రూపులో ప్రకటన పెట్టాడు: "దయచేసి అందరూ మీ వివరాల తర్వాత ఒక లైను ఖాళీగా వదలగలరు."

పెద్దావిడ ఒకరు నిమిషంలో జవాబిచ్చారు: "ఖాళీగా ఎందుకు వదలడం నాయనా, మా వియ్యాలవారు దిగారు, వాళ్ల పేరు రాసెయ్యి అందులో."