బిడ్డల్ని కనండి... ఆఫీసుకి కనబడనివ్వకండి!

కనమంటున్నారు. ఒకరు చాలరట, ఇద్దరైనా తక్కువేనట, ముగ్గుర్ని కనాలట. జనాభా తరిగిపోతుందని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారికి దిగులు పట్టుకుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనని 2024లో పీకేశారు కూడా. ఆ ఊపులో 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారు ఇంకో మెట్టెక్కారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు! సొంత జీతంలోంచే ఇస్తానన్నారు, మహానుభావుడు.

బాగుంది. ఆవు పాలిస్తుంది. ఆ పాలు కాచి, చల్లార్చి, బిడ్డకి పట్టేదెవరు? పొద్దున్నే ఆఫీసు బస్సెక్కాల్సిన తల్లేగా? ఆవుకి గడ్డి వేసేదెవరు? అదీ ఆవిడేనా?

ఒకవైపు కనమంటూనే, అదే 2025లో రోజుకు పది గంటలు పని చేయించుకోవచ్చని యజమానులకు చల్లని కబురు చెప్పారు. ఆంధ్రప్రదేశ్ తొమ్మిదిని పది చేసింది. తెలంగాణ వాణిజ్య సంస్థల్లో ఎనిమిదిని పది చేసింది. పార్టీలు వేరు, జెండాలు వేరు. గడియారం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట! వారానికి 48 గంటలు దాటదులెండి అని సర్దిచెబుతున్నారు. పసిబిడ్డకి ఆకలి వారం లెక్కన వేస్తుందా? 'సోమ, మంగళవారాలు ఓర్చుకో నాన్నా, శుక్రవారం కలిపి పడతాను' అని చెప్పాలా?

చట్టం లేదా అంటే, ఉంది. బ్రహ్మాండంగా ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవుని 26 వారాలు చేశారు. చప్పట్లు! మరి ఇద్దరు పిల్లల తల్లి ముచ్చటగా మూడో బిడ్డని కంటే? 12 వారాలే. పెద్దలు కనమంటున్నది మూడో బిడ్డని. చట్టం చిన్నచూపు చూస్తున్నదీ ఆ బిడ్డనే. ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగినులకు ఎన్ని కాన్పులకైనా సెలవిస్తామని ప్రకటించుకుంది, సంతోషం. ప్రైవేటు ఉద్యోగిని మాటేమిటి? ఆవిడ ఆవుతో సరిపెట్టుకోవాలి కాబోలు.

ఇంకో మెలిక ఉంది. ఈఎస్‌ఐ కిందికి రాని ఉద్యోగినికి ఆ 26 వారాల జీతం మొత్తం యజమానే ఇచ్చుకోవాలి. భారం యజమానిది, భజన ప్రభుత్వానిది. ఫలితం? ఇంటర్వ్యూలో అమ్మాయికి ప్రత్యేక ప్రశ్నాపత్రం. 'పెళ్లెప్పుడమ్మా? పిల్లల సంగతేమైనా అనుకుంటున్నారా?' ఇదే ప్రశ్న ఏ మగాణ్నైనా అడిగారా? వాడికి పిల్లలు చెట్టుకు కాస్తారా?

50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని కూడా చట్టం చెబుతోంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చట. నవ్వకండి, నిజంగానే రాసుంది. కొన్ని ఆఫీసుల్లో ఆ మేరకు తలుపు మీద బోర్డు కూడా ఉంటుంది. తలుపు తీసి చూడండి. చెడిపోయిన ప్రింటర్లు, దీపావళి స్వీట్ల ఖాళీ అట్టపెట్టెలు, పోయినేడు వినాయక చవితికి కట్టిన సీరియల్ లైట్లు. గోడ మీద ఛోటా భీమ్ ఒక్కడే లడ్డూ పట్టుకుని కాపలా. వాడికి పాలూ అక్కర్లేదు, డైపరూ అక్కర్లేదు. ఆదర్శ శిశువు! తనిఖీ రోజున మాత్రం ఊయల ప్రత్యక్షమవుతుంది. అందులో ఒక బిడ్డ కూడా. ఆ బిడ్డ సెక్యూరిటీ గార్డుది.

ఇక తప్పుల సంగతికొద్దాం. ఆఫీసన్నాక తప్పులు దొర్లుతాయి. ఎవరివన్నదే ప్రశ్న. ఒకావిడ రాత్రి పదకొండు గంటలకి పిల్లని నిద్రపుచ్చి, అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, మూతలు పడుతున్న కళ్లతో క్లయింటుకి ఫైలు పంపింది. వెళ్లింది రిపోర్టు కాదు. యూకేజీ చదువుతున్న కూతురి హోంవర్కు. సీతాకోకచిలుక బొమ్మ. ఒక రెక్కకి ఎర్రరంగు, రెండో రెక్కకి ఇంకా వెయ్యలేదు. క్లయింటు నవ్వి ఊరుకున్నాడు. మేనేజరు ఊరుకోలేదు. 'ఈ మధ్య మీకు ఫోకస్ తగ్గిందండీ. ఇంటి గొడవలు ఇంటి దగ్గరే వదిలి రావాలి.'

అదే టీములో ఒకాయన పాత రేట్లతో కొటేషన్ పంపేశాడు. కంపెనీకి లక్షల్లో బొక్క. ఆయన్నేమన్నారు? 'పాపం, పని ఒత్తిడి. ఇద్దరు జూనియర్లని ఇవ్వండి.' ఆవిడకి రేటింగు తగ్గింది. ఆయనకి టీము పెరిగింది. బొమ్మకి శిక్ష, బొక్కకి ప్రమోషన్!

ఇంటిని ఇంటి దగ్గరే వదిలి రావాలా? సరే. మరి ఆఫీసుని ఆఫీసులోనే వదిలి వెళ్లనిస్తారా? ఆదివారం పెళ్లి పందిట్లోనూ 'రెండే నిమిషాలు, చిన్న కాల్' అంటారే! ఒక చేతిలో అక్షింతలు, ఇంకో చేతిలో ఫోను. తలంబ్రాలు అయిపోతాయి, ఆ రెండు నిమిషాలు అయిపోవు. మార్చి 8 రాగానే గులాబీ పువ్వు, 'సూపర్ ఉమన్' అని రాసిన కాఫీ కప్పు. మార్చి 9 పొద్దున? 'పది నిమిషాలు లేటయ్యారు మేడమ్.'

పై అంతస్తు ప్రవచనాలు వేరే. యువత వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు సెలవిచ్చారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు పాటని 90కి పెంచారు. ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. అయ్యా, ఎదురుగా కూర్చునే తీరిక ఆవిడకెక్కడిది? మొహం స్టవ్వు వైపుంది!

లెక్క కావాలా? సర్కారువారి లెక్కే ఉంది. జీతం లేని ఇంటిపనికి చెయ్యి పెట్టినవాళ్లని తీసుకుంటే, 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఆడవాళ్లది రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లది 97. 2024 సర్వేకి ఆవిడ పని 289కి దిగింది. ఆహా, అయ్యగారు సాయం పట్టారనుకున్నారా? ఆయనది 88కి దిగింది! ఆవిడకి పది నిమిషాలు తగ్గేసరికి ఆయనా తొమ్మిది తగ్గించుకున్నాడు. సమానత్వమంటే ఇదీ!

పోనీ చేద్దామనుకునే తండ్రికైనా దారుందా? కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజుల సెలవు. ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఇచ్చింది గుండు సున్నా. అడిగి చూడమనండి. 'నువ్వేం పాలిస్తావా ఏంటోయ్?' అని క్యాంటీనంతా నవ్వుతుంది.

పిల్లల్ని చూసుకోవడమే ఉద్యోగమైనవాళ్ల గతి చూద్దామా? అంగన్‌వాడీ అక్కకి ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట. ఆ గౌరవం ఖరీదు పెంచమని 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. 42 రోజులు రోడ్డు మీదే. అప్పటి ప్రభుత్వం ఏం చేసింది? అత్యవసర సేవల చట్టం ఎస్మాని ప్రయోగించింది. జీతమడిగితే స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ! ఎటంటే అటు తిరిగే ఈ నాలుకలకి ఎముకలు లేవు, సరే. సిగ్గు కూడా లేదా?

చదువుతూ తలూపుతున్న తమరు కూడా కాస్త ఆగండి. మీ ఇంట్లో అంట్లు తోమే అక్కకి బిడ్డ జ్వరమని రెండు రోజులు నాగా అయితే ఏమన్నారు? డబ్బులు కోశారా లేదా? మీ మేనేజరు మీతో అన్న మాటే ఆవిడతో అన్నారా లేదా? మీకైతే క్యాజువల్ లీవు. ఆవిడకైతే వేషాలు.

కాబట్టి ఒక చిన్న కోరిక. మూడో బిడ్డని కనమనే నాయకులు, 90 గంటలు పని చేయమనే ఛైర్మన్లు, ఇంటిని వదిలి రమ్మనే మేనేజర్లు ఒక్క తెల్లకాగితం తీసుకోండి. నిన్న మీ ఇంట్లో పిల్లల బాక్సు కట్టిందెవరు, బడికి దింపిందెవరు, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిందెవరు, రాత్రి దగ్గుతున్న బిడ్డ దగ్గర కూర్చుందెవరు? పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కనా ఎంత జీతమిస్తున్నారో కూడా రాయండి. కింద సంతకం పెట్టండి.

ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించాక రండి. గంటల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.