పెట్టెమీది పన్నెండు వందలు

బెంగుళూరు మహానగరమున మారతహళ్ళి, వైట్‌ఫీల్డు ప్రాంతములందు నివసించు మన తెలుగు సాఫ్ట్‌వేరు పండితులకు గృహప్రవేశానంతరము ఆచరింపవలసిన క్రతువు వేరొకటి యేర్పడినది; దాని పేరు స్పీడ్‌టెస్టు. రూటరునకు జానెడు దూరమున ఫోను పట్టి, ముల్లు కుడివైపున కొరిగినంతనే స్క్రీన్‌షాట్ తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపున ప్రకటించుటతో అది పరిసమాప్తమగును. పడకగదిలో వీడియో కాల్ ఏల స్తంభించుచున్నదో ఆ ముల్లు చెప్పదు, అడుగువారును లేరు.

రూటరు పెట్టెమీద ఏసీ1200 అని యుండును. 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండున సెకనుకు 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండున 867, ఈ రెంటిని కూడి, తక్కువపడిన ముప్పదిమూడింటిని వర్తకుని ఔదార్యము పూరింపగా పన్నెండు వందలైనవి. సిల్క్‌బోర్డు దారిలోని బస్సు వేగమును హెబ్బాళ దారిలోని బస్సు వేగముతో కూడి, ప్రయాణికుడు అంత వేగముగా ఇల్లు చేరునని చెప్పిన మనమే నవ్వుదుము; ఫోను ఒక సమయమున ఒక బ్యాండునే పట్టుకొనునని తెలిసియు ఈ కూడికకు మాత్రము డబ్బు చెల్లింతుము.

పోనీ, ఆ 867 యైనను దక్కునా? ఒకే ఛానెలున ఒకరు పలుకుచుండగా తక్కినవారు మౌనము వహింపవలెను, పంపిన మూటలకు రసీదులు రావలెను, పొరుగింటి రూటరు వంతు ముగియువరకు వేచియుండవలెను. కావున అందులో సగమునకు కొంచెము మించి చేతికందిన అది మహాభాగ్యము. ఇక 2.4 బ్యాండున ఒండొంటిని తాకని ఛానెళ్లు 1, 6, 11 అను మూడే కాగా, పెట్టె చెప్పిన 300 కొరకు ఇంచుమించు రెండింటి చోటు నాక్రమింపవలెను. ఇరువది అంతస్తుల భవనమున ప్రతి గృహస్థుడును ఇదే పనికి పూనుకొనెనేని కలుగు ఫలము కోలాహలము.

(పెట్టెమీది ప్రగల్భమునకు భిన్నముగా, 2014 జనవరిలో మహాత్మాగాంధీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు మున్నగు చోట్ల ఆరంభమైన ప్రభుత్వపు ‘నమ్మ వైఫై’ దినమునకు మూడు గంటలు, 50 మెగాబైట్లు మాత్రమే యిత్తునని ముందే చెప్పినది. పిసినారితనమే గాని, దాపరికము లేదు.)

అన్నిటిని మించిన విడ్డూరము రూటరు వెనుక నున్నది. చవక ఏసీ1200 రూటర్లు కొన్నింట కేబుల్ దూర్చు పోర్టు 100 మెగాబిట్లదే. బయటినుండి వచ్చునది 95ను దాటజాలదు.

పరీక్షను నేను నిందింపను, దానిని చదువు తీరునే నిందింతును. తరచుగా ఆ పరీక్ష జరుపు సర్వరు మీ ఇంటర్నెట్టు కంపెనీవారి నెట్‌వర్కులోనే యుండును గనుక, దానికి ఆవలి దారి సంగతి ఆ అంకె చెప్పదు. కంప్యూటరును కేబులుతో రూటరునకు తగిలించి కొలిచిన లైను సంగతియు, ఇంటిలోని రెండు కంప్యూటర్ల నడుమ ఐపర్ఫ్ అను కొలత సాధనమును వైఫైమీద నడిపిన గాలి సంగతియు వేరువేరుగా బయటపడును. అంత ఓపిక లేనివారు దుకాణమున పెట్టెను వెనుకకు త్రిప్పి, పోర్టు గిగాబిట్టుదా కాదా అని యొక్క మాట అడుగుడు.